బడికి వెళ్ళిన ఫైలు

అబద్ధం కలపకుండా కథ చెప్పగలిగినవాడు గోదావరికి ఈ గట్టున నేనొక్కణ్ణే. ఆ గట్టున ఇంకొకాయన ఉండేవాడుగాని, పాపం పోయాడు. పాలవాడు నీళ్ళు కలుపుతాడు, బియ్యం కొట్టువాడు నూకలు కలుపుతాడు, నేను మాత్రం చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు కొలిచి పోస్తాను. ఈ మాట ముందే చెప్పి పెట్టుకుంటే, మధ్యలో లేచి "ఇది నమ్మే సంగతేనా తాతా?" అని మీరు అడగరని.

లంకలపూడిలో గెద్దాడ పేర్రాజు గారని, లాకు సూపరింటెండెంటుగా చేసి రిటైరైన మనిషి. కాలవ మీద పడవ వచ్చినప్పుడు లాకు తలుపులు తీయించడం, పడవ దాటాక వేయించడం ఆయన ఉద్యోగం. కొన్నాళ్ళకి కాలవలో పడవలు పోయాయి. ఉద్యోగం పోలేదు. రాని పడవకి తలుపులు తీయించి, పోని పడవ వెనక వేయించి, గౌరవంగా పింఛను పుచ్చుకున్నాడు. అందుచేత ప్రభుత్వమంటే ఆయనకి దేవుడితో సమానం. నిబంధన అన్న మాట వినపడితే కూర్చున్నవాడు లేచి నిలబడేవాడు.

రిటైరయ్యాక చేతులు ఊరుకోక, ఊళ్ళో ఫోటో స్టూడియో ఎత్తేస్తుంటే అందులో ఉన్న కంప్యూటరు కొన్నాడు. దాన్ని కుట్టుమిషను బల్ల మీద పెట్టి, పైన భార్య కనకరత్నం అల్లిన లేసుగుడ్డ కప్పాడు. దాని మీద ఆయన చేసే పని పేకాట. మనుషులతో ఆడితే ఓడిపోతానని భయం. దీనితో ఓడినా ఊళ్ళో చెప్పదు.

కనకరత్నం మాత్రం ఆ యంత్రాన్ని వారానికోసారే ముట్టుకునేది. శుక్రవారం సాయంత్రం దీపం పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి, అందులో ఒకే ఒక్క ఫైలు తెరిచేది. తెరవగానే ఆవిడ తల్లి అప్పాయమ్మ పాడేది.

అదెలా వచ్చిందంటే, ఆరేళ్ళ కిందట చుట్టాలింట పెళ్ళికి పసుపు దంచుతూ అప్పాయమ్మ పాట ఎత్తుకుంది. ఫోటోలు తీయడానికి వచ్చిన స్టూడియో కుర్రాడు ముచ్చటపడి ఆ పాట పట్టి, తన కంప్యూటర్లో వేసుకున్నాడు. ఆ మరుసటేడు అప్పాయమ్మ కాలం చేసింది. పెళ్ళి ఫోటోలన్నిట్లోనూ ఆవిడ కళ్ళు మూసుకునే ఉంది. స్టూడియో కుర్రాడు ఊరొదిలి ఎటో వెళ్ళిపోయాడు. ఇక ఆవిడ మిగిలిందల్లా ఆ పాటలోనే. కాకపోతే ఆ ఫైలుకి పేరు పెట్టింది మనిషి కాదు, యంత్రం. 'ఆర్‌ఈసీ సున్నా సున్నా పదిహేడు' అని పెట్టింది. బారసాల లేకుండా పెట్టిన పేరు అంతకన్నా ఏం బాగుంటుంది?

ఇంతలో ఎక్కడో ఎవరో ముక్కూ మొహం తెలియని ఫైలు తెరిచి చిక్కుల్లో పడ్డారట. దాంతో ఒక శాఖ పుట్టింది. శాఖ పుట్టాక దానికి పని పుట్టాలి గదా. ఒక నాటి ఉదయం లంకలపూడి వీధుల్లో ఆటో తిరిగింది.

"ప్రజలకు విజ్ఞప్తి! మీ గృహ కంప్యూటర్లయందు తలదాచుకున్న అపరిచిత ఫైళ్ళను గుర్తించండి! గుర్తించిన పిమ్మటే తెరవండి! గుర్తింపు లేని ఫైళ్ళు రాబోవు అమావాస్యనాడు నిర్మూలించబడును!"

కంప్యూటర్లు లేనివాళ్ళు కూడా భయపడి గాదెల కింద వెతుక్కున్నారు.

మర్నాడే అపరిచిత ఫైళ్ళ గుర్తింపు అధికారి నిగమేశ్వరరావు పేర్రాజు గారింటికి వచ్చాడు. సన్నగా, ఇస్త్రీ చేసిన కాగితంలా ఉంటాడు. కాఫీ తాగనన్నాడు. తాగితే లంచమట. మంచినీళ్ళిస్తే, అవి ఇంటివా పంచాయతీవా అని అడిగి, పంచాయతీవంటే తాగాడు.

లేసుగుడ్డ తీసి, కంప్యూటరు తెర మీద కనపడిన పేర్లు ఒక్కొక్కటే చూస్తూ ఒక చోట వేలు పెట్టాడు.

"ఇది ఎవరు?"

"మా అత్తగారండి," అన్నాడు పేర్రాజు.

"అత్తగారి నామధేయము?"

"అప్పాయమ్మ గారండి."

"ఇచ్చట ఆర్‌ఈసీ అని యున్నది."

కనకరత్నం వంటింటి గుమ్మంలోంచి ముందుకొచ్చింది. "అది మా అమ్మే బాబూ. లోపల పాడతా ఉంటది."

"లోపల పాడుచున్నదని తమకెట్లు తెలియును?"

"ఇన్నాను గనక తెలుసు. చెవుల్లేవా నాకు?"

నిగమేశ్వరరావు కలం మూత తీశాడు. "వినవలెనన్న తెరవవలెను. ఏడవ నిబంధన ప్రకారము గుర్తించిన పిమ్మటే తెరవవలెను. తమరు గుర్తింపునకు పూర్వమే తెరిచియున్నారా?"

పేర్రాజుకి లాకు తలుపు కింద కాలు పడ్డట్టయింది. "అబ్బే, లేదండి. మేం ఎప్పుడూ తెరవలేదండి. దాని జోలికే పోలేదు."

"తెరవనప్పుడు లోపల ఎవరున్నదీ తెలియదు. కనుక అపరిచితము." ఆ మాట రాసుకుని, కలం మూత పెట్టేశాడు.

"అయితే మీరే తెరిచి ఇనండి నాయనా!" అంది కనకరత్నం. "ఇంటే మీకే తెలిసిపోద్ది."

"అపరిచితమైనదానిని అధికారియే తెరుచుట! అంతకన్న ఘోరము కలదా?"

"పోనీ పేరు మార్చుకుంటామండి," అన్నాడు పేర్రాజు. "ఆర్‌ఈసీ తీసేసి అప్పాయమ్మ అని పెడతాం."

"మారుపేరుతో తిరుగునట్టి ఫైలును మా శాఖ అనుమానితుల వర్గములో చేర్చును. తమ యిష్టము."

పేర్రాజు తన యిష్టం వెంటనే వెనక్కి తీసుకున్నాడు.

లేస్తూ లేస్తూ నిగమేశ్వరరావు ఒక మంచి మాట చెప్పాడు. "మా కార్యాలయపు కంప్యూటరును ఆదర్శముగా తీసుకొనుడు. మొట్టమొదట దానినే తనిఖీ చేసితిమి. అందులోని ఫైళ్ళలో ఏ ఒక్కటియు మా సిబ్బందిలో ఎవరికిని పరిచయము లేదు. సమస్తమును నిర్మూలించితిమి. ఇప్పుడందులో అపరిచిత ఫైలు ఒక్కటియు లేదు."

"బాగా పన్జేత్తందాండీ?" అంది కనకరత్నం.

"వెలుగుట లేదు. కాని నిర్దోషముగా నున్నది."

ఆ కంప్యూటరుకి శాఖవాళ్ళు దండ వేసి, వచ్చినవాళ్ళందరికీ చూపించేవారు. నేనూ చూశాను. అంత పరిశుభ్రమైన కంప్యూటర్ని మళ్ళీ ఎక్కడా చూడలేదు.

గుర్తింపుకి ఇంకో దారి ఉంది: ఫైలుని ఎరిగిన పెద్దమనుషులు సాక్ష్యం చెప్పడం. పేర్రాజు పక్కింటి మంగాయమ్మని వెంటబెట్టుకుని ఆఫీసుకి వెళ్ళాడు. మంగాయమ్మకి పాడి ఉంది, నోరు ఉంది, మొహమాటం లేదు.

"ఆ ఫైలు నాకెందుకు తెలీదండీ? శుక్రోరం శుక్రోరం గోడవతల్నుంచి పాడతానే ఉంటది. మా గేదె ఆ పాట ఇంటేనే చేపుద్ది. మొన్న వాళ్ళు ఊరెళ్తే పాట లేదు, గిన్నెడు పాలివ్వలేదు ముండ! కావాలంటే గేదెనే అడగండి."

"పశువుల సాక్ష్యము స్వీకరించుటకు మా శాఖకు అధికారము లేదు," అన్నాడు నిగమేశ్వరరావు. "అంతియేగాక పాట వినబడినదన్న ఎవరో తెరిచిరన్నమాట. ఎవరు తెరిచిరో చెప్పగలరా?"

మంగాయమ్మ పేర్రాజు వంక చూసింది. పేర్రాజు ఫ్యాను వంక చూశాడు.

"నాకేం తెలుసండీ! అది గోడండి, కిటికీ కాదు," అనేసి మంగాయమ్మ కొంగు దులుపుకుని వచ్చేసింది.

ఆ శుక్రవారం కనకరత్నం దీపం పెట్టింది. చేతులు కడుక్కుని వచ్చి యంత్రం ముందు కూర్చుంది. తెరవలేదు. తెరిచినట్టు తెలిస్తే అమావాస్య దాకా ఆగరు, అప్పుడే చెరిపేస్తారు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, లేసుగుడ్డ వంక చూస్తూ కూర్చుంది. గోడవతల గేదె అరిచింది. పేర్రాజు వీధరుగు మీదకి పోయి, చుట్ట ముట్టించి, ముట్టించింది మర్చిపోయి మళ్ళీ ముట్టించాడు.

"ఏవండోయ్," అంది ఆవిడ లోపల్నించి. "మీ గవర్నమెంటోళ్ళు రాని పడవకి తలుపులు తియ్యమంటే తీసేరే, ఉన్న మా అమ్మకి తియ్యడానికి ఏం రోగం?"

ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ప్రభుత్వం మీద పేర్రాజుకి కోపం రావడం అదే మొదలు. అయితే కోపం అలవాటు లేని మనిషి కాబట్టి, కోపంగా వెళ్ళి బతిమాలాడు.

నిగమేశ్వరరావు మంచివాడే. దయ ఉన్నవాడే. దయకి నిబంధన ఎక్కడుందో వెతకడం ఒక్కటే ఆలస్యం. పుస్తకం తిరగేసి తిరగేసి ఒక చోట ఆగాడు.

"కలదు. తల్లిదండ్రులెవరో తెలియని ఫైలును అనాథ ఫైలుగా పరిగణించవచ్చును. అట్టిదానిని సద్వర్తనులగు పౌరులు దత్తత స్వీకరించిన యెడల నిర్మూలన నుండి మినహాయింపు. దత్తు వయసు పెంచువారి వయసుకన్న తక్కువగా నుండవలెను. దీనికెంత?"

ఫైలు పుట్టిన తేదీ తెరవకుండానే కనపడుతుంది. ఆరేళ్ళు.

"అంటే మా అత్తగార్ని మేం పెంచుకోవాలాండీ?" అన్నాడు పేర్రాజు.

"అత్తగారో కాదో ఇంకను తేలలేదు గదా. పెంచుకొనుడు. తేలిన పిమ్మట చూతము."

అమావాస్యకి ముందు మంచిరోజు చూసి దత్తత పెట్టుకున్నారు. పురోహితుడు అవధాని గారు పీటలు వేయించి, బిడ్డని తల్లి ఒళ్ళో కూర్చోబెట్టమన్నాడు. పేర్రాజు కంప్యూటరు పెట్టె ఎత్తుకొచ్చి కనకరత్నం ఒళ్ళో పెట్టాడు.

"ఆగుడు!" అన్నాడు నిగమేశ్వరరావు. "దత్తత ఒక్క ఫైలుకే. ఆ పెట్టెలో మరిన్ని ఫైళ్ళు కలవు. తక్కినవి పక్కకు జరగవలెను."

"జరగడమేమిటయ్యా?" అన్నాడు అవధాని గారు చిరాగ్గా. "గర్భిణి గుళ్ళోకొస్తే బిడ్డని బయట నిలబెట్టి రమ్మంటామా? కూర్చోనీ."

ఆ మాటకి ఎదురు నిబంధన పుస్తకంలో దొరకలేదు. హోమం వేడి తగలకుండా మంగాయమ్మ చేట అడ్డం పెట్టింది. కనకరత్నం ఆ పెట్టెని రెండు చేతులా పట్టుకుని, మంత్రాలు జరుగుతున్నంతసేపూ మెల్లగా ఊపింది. ఎవరూ ఊపమనలేదు. ఆ వేడుక చూడ్డానికి వచ్చిన జనం బస్టాండు దాకా నిలబడ్డారు. సరే, వీధి మలుపు దాకా. పోనీ, అరుగు నిండా అనుకోండి. నా పాలల్లో కూడా ఒక చెంచాడు నీళ్ళు పడతాయి, మరి ఎండాకాలం.

ఆ విధంగా అప్పాయమ్మ తన కూతురికి కూతురై, గెద్దాడ ఆర్‌ఈసీ అనే పేరుతో ఇంటికొచ్చింది. గండం గడిచిందనుకున్నారు.

దత్తత పత్రం నకలు ఒకటి విద్యాశాఖకి పోతుందని ఎవరికి తెలుసు? ఆరేళ్ళ పిల్ల ఇంట్లో ఉంటే బడికి పంపాలి. ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరు జోగారావు మాష్టారు మిఠాయి పొట్లంతో స్వయంగా వచ్చాడు. ఆయన బాధ ఆయనది. బడిలో పిల్లలకన్న స్తంభాలు ఎక్కువ. పిల్లలు పెరక్కపోతే బడి మూసేసి, ఉన్న నలుగుర్నీ కాలవ అవతలి బడిలో కలిపేస్తామన్నారు.

"అమ్మాయిని పంపించండి పేర్రాజు గారూ," అన్నాడు. "నా బడి నిలబడుద్ది. మీ పుణ్యముంటది."

"ఫైలుకి బడేంటి మాష్టారూ? నవ్వుతారండి."

"పంపకపోతే పెంపకంలో నిర్లక్ష్యం అంటారండి. దత్తత రద్దు చేత్తారు. రద్దయితే మళ్ళీ అనాథ ఫైలు, మళ్ళీ..." మాష్టారు కనకరత్నం వైపు చూసి మిఠాయి పొట్లం బల్ల మీద పెట్టాడు.

మర్నాటి నుంచి పేర్రాజు రోజూ ఆ పెట్టెని రిక్షాలో పెట్టుకుని బడికి తీసుకెళ్ళడం, సాయంత్రం తెచ్చుకోవడం. హాజరు వేళ మాష్టారు "గెద్దాడ ఆర్‌ఈసీ!" అంటే పేర్రాజు వెనక బెంచీలోంచి లేచి "వచ్చిందండి!" అనేవాడు. ఇది చూసి ఊళ్ళో మిగతావాళ్ళు కూడా అమావాస్య రాకముందే తమ అపరిచిత ఫైళ్ళని దత్తత తీసుకుని చేర్పించారు. ఒకాయన అరవై ఏళ్ళ బ్రహ్మచారి, ఒక్కరోజులో బోలెడు సంసారం గలవాడయ్యాడు. బడి కిటకిటలాడింది. మధ్యాహ్న భోజనంలో ఫైలుకో గుడ్డు వచ్చేది. ఫైళ్ళు గుడ్డు తినవు గనక నిజం పిల్లలు నలుగురూ ఆ నెలలో ఒళ్ళు చేశారు. ఫైళ్ళంత క్రమశిక్షణ గల పిల్లల్ని తన సర్వీసులో చూడలేదన్నాడు మాష్టారు. అల్లరి లేదు, ఆలస్యం లేదు, ముక్కు కారడం లేదు.

అంత మంది పిల్లలు ఒక్కసారి ఎలా పెరిగారో చూద్దామని విద్యాశాఖ ఇన్‌స్పెక్టరు గారు జీపులో దిగాడు. వెంటనే మోటారు సైకిలు మీద నిగమేశ్వరరావూ వచ్చాడు, తన ఫైళ్ళని ఎవరూ తెరవకుండా కాపలాకి. కనకరత్నం పిల్లల తల్లుల బెంచీ మీద, చివర్న కూర్చుంది.

నిజం పిల్లాడొకడు లేచి ఎక్కం అప్పజెప్పాడు. ఇన్‌స్పెక్టరు గారు తల పంకించి, హాజరుపట్టీలో తరవాతి పేరు చదివాడు.

"గెద్దాడ ఆర్‌ఈసీ."

"వచ్చిందండి!" అన్నాడు పేర్రాజు.

"వచ్చుట గాదు, పలుకవలెను. పద్యమో పాటో అప్పజెప్పమనుడు."

"క్షమించవలెను," అని లేచాడు నిగమేశ్వరరావు. "ఈ విద్యార్థిని ఇంకను అపరిచితము. ఏడవ నిబంధన ప్రకారము తెరవరాదు. తెరవనిచో పలుకదు."

"మా నిబంధన ప్రకారము తనిఖీలో పలుకని విద్యార్థి పేరు పట్టీ నుండి తొలగించబడును."

పేరు కొట్టేస్తే బడి పోతుంది, బడి పోతే దత్తత పోతుంది, దత్తత పోతే అప్పాయమ్మ పోతుంది. పేర్రాజుకి ఆ వరస అంతా లాకులోంచి నీళ్ళు జారినట్టు కళ్ళకి కట్టింది. కనకరత్నం బెంచీ అంచు పట్టుకుంది.

"పలికినచో నేరము," అన్నాడు నిగమేశ్వరరావు.

"పలుకనిచో అనర్హత," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఇద్దరూ తమ తమ పుస్తకాలు తీసి బల్ల మీద పెట్టారు. రెండూ ఒకే మందం. ఏది పై నిబంధనో తేలలేదు. ఉద్యోగమంతా నిబంధన వినపడితే లేచి నిలబడిన పేర్రాజు అప్పుడు కూడా లేచి నిలబడ్డాడు. కాకపోతే గొంతు విప్పాడు.

"అయ్యా, తప్పైతే నన్ను క్షమించండి. లాకు దగ్గర ఒకేసారి రెండు వైపుల్నుంచి పడవలొస్తే పై ఆఫీసరు పడవకి ముందు తీసేవాళ్ళమండి. మరి తమలో జీపులో వచ్చింది..."

అందరూ కిటికీలోంచి బయటికి చూశారు. ఒక పక్క జీపు. ఒక పక్క మోటారు సైకిలు. నిగమేశ్వరరావు కాసేపు ఆ రెంటినీ నిష్పక్షపాతంగా చూసి, తన పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు.

"పై అధికారి ఉత్తర్వు మేరకు తెరవవచ్చును."

మాష్టారు మీట నొక్కాడు. ముందు రోకలి చప్పుడు వినపడింది. తరవాత గాజుల చప్పుడు. తరవాత అప్పాయమ్మ.

"పసుపు దంచే చేతికీ గాజులేవే కోడలా
రోలు అడిగితె రోటికిచ్చి పాడుకుంటి అత్తయా
రోలు నవ్వే రోకలీ నవ్వే, నవ్వవేమే కోడలా
నవ్వితేనూ పసుపు పొల్లై ఎగిరిపోదా అత్తయా..."

ముసలి గొంతు, కొంచెం జీర. నిజం పిల్లలు నోట్లో గుడ్డు నమలడం ఆపేశారు. పాట అయ్యాక దగ్గు వినపడింది. దగ్గు తరవాత అదే గొంతు గట్టిగా అంది:

"ఒసే రత్నం! పొయ్యి మీద పాలు పొంగిపోతన్నాయి, సూడవే!"

"వత్తన్నానమ్మా!" అంటూ కనకరత్నం బెంచీ మీంచి గబుక్కున లేచింది. రెండడుగులు వేసింది. పొయ్యి లేదు, పాలూ లేవు, నల్లబల్ల ఉంది. అక్కడే ఆగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇన్‌స్పెక్టరు గారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. తరవాత తనిఖీ పుస్తకంలో రాశాడు: 'విద్యార్థిని స్పష్టముగా పలికినది. పెద్దలకు పనులు పురమాయించుచున్నది. వయసుకు మించిన తెలివి. పై తరగతికి సిఫారసు.'

నిగమేశ్వరరావు కూడా కలం మూత తీశాడు. "పై అధికారి సమక్షమున పలికినది గనుక ఇకపై పరిచితము. నిర్మూలన లేదు. ఎవరని నమోదు చేయమందురు?"

"మా అమ్మండి," అంది కనకరత్నం.

"అమ్మా, రికార్డు ప్రకారము తమ కుమార్తె. ఆరు సంవత్సరములు. తల్లి అని వ్రాసినచో తమ జననము చెల్లకుండా పోవును."

కనకరత్నం ఆ పెట్టె మీద లేసుగుడ్డ సర్దింది.

"కూతురనే రాసుకో నాయనా. జీవితమంతా అందరికీ అమ్మగానే ఉంది. కొన్నాళ్ళు కూతురుగా ఉంటే అలిసిపోదులే."

బడి మూతపడలేదు. శుక్రవారం దీపం పెట్టాక పాట వినపడుతోంది, గేదె చేపుతోంది. శాఖవారి కంప్యూటరు ఇప్పటికీ నిర్దోషంగానే ఉంది.

ఇందులో నేను కల్పించింది ఒక్కటుంది, చెప్పేస్తాను. లోపల దాచుకుంటే అరగదు. ఇన్‌స్పెక్టరు గారు కళ్ళు తుడుచుకోలేదు. ఆయన తుడిచింది కళ్ళజోడే, దాని మీద సుద్దపొడి పడింది. కథలో ఒక్క అధికారైనా కాస్త కరిగితే బాగుంటుందని నేనే కరిగించాను. మిగతాదంతా, గేదెతో సహా, అక్షరాలా నిజం.